ఇస్గుహి అత్త ద్రాక్షబుట్ట

ఇస్గుహి అత్తకు మా ఊరు మర్యాద చేసింది ఒక్క వేసవిలోనే. అంతకుముందు ఆమె ఎదురొస్తే జనం పక్క వీధిలోకి తిరిగేవాళ్ళు. ఆమె నోటికి అంత పేరు. మా నాన్న పెళ్ళికి వచ్చి, పెళ్ళికొడుకు చెవులు చూసి, "గాలి వీచినప్పుడు ఈ పిల్లాణ్ణి బయటికి పంపకండి" అందట. ఆయన చనిపోయేదాకా ఆ మాట మరిచిపోలేదు. ఆ చెవులే నాకూ వచ్చాయి కాబట్టి నేనూ మరిచిపోలేదు.

అత్తకు అమ్మానాన్నలు ఎవరో తెలియదు. అనాథాశ్రమంలో పెరిగింది. మా పెద్దవాళ్ళంతా ఇంకా సముద్రం పక్క కొండమీది పాత ఊళ్ళో ఉన్న రోజుల్లో సెరోప్ మామను చేసుకుని కోడలిగా వచ్చింది. తర్వాత సరిహద్దులు మారాయి. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని పరాయి దేశంలోని ఈ బెకా లోయకు వచ్చిపడింది. మిగతావాళ్ళు గిన్నెలూ పరుపులూ తెచ్చుకుంటే, అత్త వాళ్ళ అత్తగారు మాత్రం తడిగుడ్డలో చుట్టిన ద్రాక్షకొమ్మ ఒకటి తెచ్చింది. "పరుపు తెచ్చుకునుంటే నడుం నొప్పయినా తప్పేది" అని అత్త జీవితాంతం సాధించింది. ఆ కొమ్మే నాటుకుని, పెరిగి, వాళ్ళ పెరట్లో పందిరంతా అల్లుకుంది.

మాలో ఒక నియమం ఉంది. ఆగస్టులో మరియమ్మ తల్లి పండుగకు చర్చిలో గురువుగారు ద్రాక్షపళ్ళు దీవిస్తారు. అప్పటిదాకా కొత్తపంట ద్రాక్ష ఎవరూ నోట పెట్టకూడదు. మా ఊరివాళ్ళు దానికి ఇంకో ముడి వేశారు. పాత ఊరి తీగకు కాసిన పళ్ళ బుట్ట ముందు గురువుగారి ఎదుట దించాలి, ఆ తర్వాతే మిగతా బుట్టలు. ఆ బుట్ట మోసే పని మొదట కొమ్మ తెచ్చిన అత్తగారిది. ఆవిడ పోయాక ఇస్గుహి అత్తది. ఈ వారసత్వం దగ్గర మాత్రం ఎవరూ తగువు పెట్టుకోలేదు. కుర్చీకైతే పోటీ ఉంటుంది గానీ, బుట్ట మోస్తానని ఎవడు ముందుకొస్తాడు?

నియమానికి కాపలా సెరోప్ మామది. ఎవరూ అప్పగించలేదు, తనే నెత్తిన వేసుకున్నాడు. జూలై వచ్చిందంటే దారిన పోయే పిల్లల్ని ఆపి, "నోరు తెరు" అని వాసన చూసేవాడు. ద్రాక్ష వాసన తగిలిందా, చెవి మెలిపెట్టేవాడు. నా చెవుల పొడవులో మా నాన్న వాటా పోగా మిగిలింది ఆయనదే. ఒకసారి ఊరి పెద్దమనిషినే నడివీధిలో నిలబెట్టి మీసాలు వాసన చూశాడు. తన ఇంట్లో మాత్రం ఆ ముక్కు పనిచేసేది కాదు. అత్త తీగ కత్తిరిస్తూ ఒకటి, పిట్టల్ని తోలుతూ ఒకటి నోట్లో వేసుకుంటూనే ఉండేది. "దేవుడికీ నాకూ పలకరింపులే గానీ చుట్టరికం లేదురా ఆర్షో. ఆయన నా పళ్ళేం చూస్తూ కూర్చోడు" అనేది నాతో.

ఇలా ఉండగా మా దేర్ ఖోరేన్ చనిపోయాడు. దేర్ అంటే మా గురువుల పేర్ల ముందు పెట్టే గౌరవం. ఊళ్ళో సగం మందికి బాప్తిస్మాలు ఇచ్చి, మిగతా సగాన్ని మట్టి చేసిన మనిషి ఆయన. ఉపవాసాల్లో ఒకనాడు పప్పు తిని, బాగుందని చెప్పి, పడుకుని మళ్ళీ లేవలేదు. ఒక్క గురువును పోషించడానికే ముక్కీ మూలిగిన మా ఊరికి ఆయన పోగానే ఇద్దరు దొరికారు.

ఒకడు ఆయన మేనల్లుడు మిహ్రాన్. చిన్నప్పటి నుంచీ చర్చిలో ధూపం ఊపుతూ పెరిగినవాడు. తాత ముత్తాతలు గురువులు కావడంతో వాళ్ళ ఇంటిపేరులోనే దేర్ ఉంది. పదవి దిగిపోతున్న పాత బిషప్‌గారు పెట్టె సర్దుకుంటూ సర్దుకుంటూ మిహ్రాన్ తల మీద చెయ్యిపెట్టి గురువును చేసి వెళ్ళిపోయాడు. కొత్త బిషప్‌గారు వచ్చి, అది చెల్లదనలేదు, చెల్లుతుందనీ అనలేదు. దేర్ నెర్సెస్ అనే ఇంకొకాయన్ని బస్సెక్కించి పంపించాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అనుకుని, రెంటినీ మా ఊళ్ళో వదిలేశాడు.

ఊరు నిలువునా చీలింది. నా కాఫీ కొట్టులో కిటికీ పక్క బల్లలు మిహ్రాన్ పక్షానివి, పొయ్యి పక్కవి నెర్సెస్ పక్షానివి. నేను గోడ మీద పిల్లిని. కాఫీ అమ్ముకునేవాడికి అంతకన్నా మంచి చోటు ఏముంది. చర్చి తలుపుకు వాళ్ళొక తాళం వేస్తే వీళ్ళొక తాళం వేశారు. ఇద్దరూ వస్తేగానీ తలుపు తెరుచుకోదు. దాంతో బద్ధశత్రువులు ప్రతి ఆదివారం పొద్దున్నే ఒకరికోసం ఒకరు మెట్ల మీద ఎదురుచూసేవాళ్ళు. లోపల ఒకాయన పాడుతుంటే రెండో ఆయన పక్షానికి దగ్గు వచ్చేది. బొగోస్ తాతకు నిజంగానే దగ్గు. ఆయన ఏ పక్షమో ఎవరికీ అర్థం కాక రెండు పక్షాలూ ఆయన్ని అనుమానించాయి.

ఆ బొగోస్ తాతే ఒకరోజు నా కొట్టులో కూర్చుని అసలు మాట బయటపెట్టాడు. చర్చి కమిటీలో అందరికన్నా పెద్దవాడాయన.

"మీరెన్ని కొట్టుకున్నా దండగరా. పండుగనాడు ఇస్గుహి బుట్ట ఎవడి ముందు దించుతుందో వాడే మన దేర్. బిషప్ కాదు, వాడి తాత వచ్చినా అంతే" అన్నాడు.

కిటికీ పక్కా, పొయ్యి పక్కా కప్పులు సగంలోనే కింద పెట్టేశాయి. నాకు ఆ రోజు కాఫీ పెద్దగా అమ్ముడుపోలేదు. అందరూ లేచి ఏదో పనున్నట్టు వెళ్ళిపోయారు.

మర్నాడే మిహ్రాన్ మనుషులు నిచ్చెన వేసుకుని అత్త ఇంటి కప్పు ఎక్కారు. ఏళ్ళ తరబడి కారుతున్న కప్పు అది. అది చూసి నెర్సెస్ మనుషులు ఆమె గుమ్మం దాకా కంకర పోయించారు. ఒకరు చక్కెర తెస్తే ఒకరు నూనె తెచ్చారు. నిన్నటిదాకా ఆమెను చూసి పక్క వీధి పట్టినవాళ్ళు పక్క వీధిలోంచి వెతుక్కుంటూ వచ్చి, "ఆరోగ్యం ఎలా ఉందమ్మా" అని అడిగారు. అత్త ఎవరినీ కాదనలేదు.

"బుట్ట ఎవరికత్తా?" అని అడిగాను.

"ముందు పళ్ళు పండనీరా. ఇంకొన్నాళ్ళు ఆగితే వంటింటికి సున్నం కూడా కొడతారు."

"తర్వాత ఒక పక్షం తిడుతుందిగా?"

"ఒక పక్షమేగా. ఇన్నాళ్ళూ ఇద్దరూ తిట్టారు."

పైకి అలా అనేది గానీ ఆమె మనసంతా మంచం మీద ఉంది. ఆ వసంతంలోనే సెరోప్ మామ జబ్బుపడ్డాడు. జహ్లే పట్నం నుంచి వచ్చిన డాక్టరు ఆమెను పెరట్లోకి పిలిచి, ఆకులు రాలేదాకా ఉండడని చెప్పాడు. మామకు ఎవరూ చెప్పలేదు. ఆయనకు ముందే తెలుసు. ఊరినిండా వాసనలు పట్టినవాడికి తన చావు వాసన తెలియదా? నేను రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి వెళ్ళి ఆయన్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టేవాణ్ణి. కిటికీలోంచి పందిరి కనిపించేది. గుత్తులు రంగు తిరుగుతున్నాయి.

"ఏమే ఇస్గుహీ, మన తీగ పళ్ళు రెండు తిని పోతానే" అన్నాడొకనాడు.

"ఎక్కడికి పోతావ్, ఊరికే. ఉండు, ఇప్పుడే కోసుకొస్తా."

"దీవించందే వద్దు. ఊళ్ళో అందరి నోళ్ళూ వాసన చూసి, ఆఖర్న నా నోరు నేనే పాడుచేసుకోనా?"

"ఎవరు దీవిస్తే తింటావ్?"

"ఎవరైతేనేం. ఇద్దరూ గురువులేగా."

ఊరంతా తెలుసుకోలేని సంగతి ఆ మంచం మీది మనిషికి తెలిసిందని నాకు నవ్వొచ్చింది. అత్త నవ్వలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆమెను అడిగింది చాలా తక్కువ.

పండుగ ఆదివారం. ముందురోజు శనివారం మధ్యాహ్నానికి మామ గొంతులో నీళ్ళు కూడా సరిగ్గా దిగడం లేదు. రేపటిదాకా ఆగుతాడన్న నమ్మకం లేదు. అత్త బుట్టలో ఒక్క గుత్తి పెట్టి, గుడ్డ కప్పి, నా కొట్టుకు వచ్చింది.

"కొట్టు మూసి నాతో రా. నేనేమన్నానో రేపు వాళ్ళు ఇంకోలా చెప్తారు. పక్కన మనిషుండాలి."

ముందు మిహ్రాన్ ఇంటికి వెళ్ళాం. మర్నాటి పండుగకు గడ్డం దువ్వుకుంటూ అద్దం ముందున్నాడు. విషయం విని దువ్వెన కింద పెట్టాడు.

"ఎంత మాట పిన్నీ, రాకుండా ఉంటానా? పద, వస్తా. మావాళ్ళు నలుగుర్ని పిలవనీ."

"నలుగురెందుకు? పోయేది ఆయనొక్కడే."

"అది కాదు పిన్నీ. ఇవాళ నేనొచ్చి దీవించి, రేపు నువ్వు తీసుకెళ్ళి బుట్ట నెర్సెస్ ముందు దించావనుకో, నా మొహం ఏం కావాలి? ఒక్క మాట చెప్పు. బుట్ట నా ముందు పెడతానను. ఇప్పుడే బయల్దేరతా."

"నీకు మాటిస్తే రేపు మా ఆయన్ని మట్టి చెయ్యడానికి సగం ఊరు రాదు. అందర్నీ పిలిచి చెవులు మెలిపెట్టిన మనిషిరా ఆయన. సగం ఊరితో పోతాడా?"

"మాటేగా పిన్నీ నేనడుగుతోంది."

"నేనడిగేదీ దీవెనేగా" అని అత్త బుట్ట ఎత్తుకుంది.

నెర్సెస్ బడి మేడ మీద ఒక గదిలో ఉండేవాడు. మంచి మనిషే. కుర్చీ తుడిచి మరీ వేశాడు. అంతా విన్నాడు.

"అమ్మా, నాకు బాధగానే ఉంది. కానీ పండుగ రాకముందే దీవించడం పద్ధతి కాదు. బిషప్‌గారికి తెలిస్తే ఏం చెప్పను?"

"మా ఆయన్ని చావడం కూడా పండుగ తర్వాత పెట్టుకోమనమంటారా?"

"అలా అనకండమ్మా. చాటుగా ఇంటికెళ్ళి చేస్తే, దొంగతనంగా బుట్ట కొట్టేశాడంటారు నన్ను. రేపు చర్చిలో అందరూ చూస్తుండగా నా బల్ల మీద దించండి. ఆ మరుక్షణం నేనే ఆ గుత్తి పట్టుకుని మీ ఇంటికి నడిచొస్తా."

"అందాకా ఆయన ఆగకపోతే?"

"దైవచిత్తం."

"దేవుడి మీదికి నెట్టకండి నాయనా. ఆయన నా అంత చదువు కూడా లేనివాడు, సరిగ్గా జవాబు చెప్పుకోలేడు" అంది అత్త.

దారిలో నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దర్నీ కలిపి ఒక తిట్టు తిట్టాను. అత్త తిట్టలేదు. నాకు అదే భయం వేసింది. ఇంటి ముందు కంకర మీదికి వచ్చాక మాత్రం ఆగింది.

"ఆయనకెలా ఉందని ఇద్దర్లో ఒక్కడూ అడగలేదు చూశావా" అంది. పెళ్ళిలో మా నాన్నను ఏడిపించిన మనిషి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

తర్వాత లోపలికి నడిచింది. నేరుగా మంచం దగ్గరికెళ్ళి బుట్ట మీది గుడ్డ తీసింది.

"ఇదిగో. దీవించారు. తిను" అంది.

మామ కళ్ళు తెరిచాడు. "ఎవరు?"

"ఇద్దరూ."

"ఇద్దరా?"

"ఒక్క గుత్తి మీద ఇద్దరూ చెయ్యిపెట్టారు. నమ్మకపోతే ఆర్షోను అడుగు."

మామ నా వైపు చూశాడు. ఇంతమంది నోళ్ళు వాసన చూసిన మనిషి ముందు అబద్ధమాడటం నాకు అదే మొదలు, అదే ఆఖరు. "అవును మామా" అన్నాను. అత్త ఒక పండు తొక్క తీసి, గింజ తీసి ఆయన నాలుక మీద పెట్టింది. ఇంకొకటి పెట్టింది. ఆయన చాలాసేపు నోట్లో ఉంచుకుని మింగాడు. మొహమంతా విప్పారింది. అది పండు రుచికి కాదని నాకు వెంటనే అర్థమైంది.

"ఇద్దరూ కలిశారన్నమాట. వెధవలు, నేను పోయేదాకా ఆగారు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి మన్నిక్ పులుసుగిన్నె పట్టుకుని వచ్చింది. మామ ఉన్న ఓపికంతా కూడదీసుకుని ఆమెకు చెప్పాడు. "ఇద్దరూ కలిసి దీవించారే మన్నిక్. ఊరు బాగుపడింది." మన్నిక్ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ గిన్నె అక్కడే వదిలి పరుగెత్తింది. తెల్లవారుతుండగా మామ పోయాడు, నిద్రలోనే.

చర్చిలో ఆ పొద్దున బలిపీఠం ముందు రెండు బల్లలు వేశారు. రెంటి మీదా తెల్లగుడ్డలు, రెంటి మీదా కొవ్వొత్తులు. ఒకదాని వెనక దేర్ మిహ్రాన్, ఒకదాని వెనక దేర్ నెర్సెస్. ఊరంతా తలుపు వైపు చూస్తోంది. బుట్ట రాలేదు. చావుగంట మోగింది. అప్పుడు బొగోస్ తాత దగ్గుతూ లేచాడు.

"సెరోప్ పోయాడు. దేవుడు ఆయన ఆత్మను వెలిగించుగాక. నిన్న మీరిద్దరూ కలిసి ఆయనకు ద్రాక్ష దీవించి పెట్టారటగా. పోయేముందు తన నోటితోనే చెప్పాడట. నిజమేనా దేర్?"

ఏ దేర్‌ను అడిగాడో ఎవరికీ తెలియలేదు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మిహ్రాన్ నెర్సెస్ వైపు చూశాడు. వీడు నా వెనకే వెళ్ళి దీవించి వచ్చాడా? నెర్సెస్ మిహ్రాన్ వైపు చూశాడు. ఇతని మొహంలోనూ అదే అనుమానం. తను వెళ్ళలేదని ఒప్పుకుంటే, చావుబతుకుల్లో ఉన్నవాడి ఇంటికి ఎందుకు వెళ్ళలేదో ఊరికి చెప్పాలి. పైగా బుట్టంతా రెండోవాడికి అప్పజెప్పినట్టే. దొంగకు తేలు కుట్టినట్టు ఇద్దరూ నిలబడ్డారు. స్తంభం పక్కన నేను నోరు మూసుకుని ఉన్నాను. ఏమంటారో చూడాలని నాకు మహా కుతూహలంగా ఉంది.

"ముందు చెయ్యి పెట్టింది నేనే" అన్నాడు మిహ్రాన్.

"ప్రార్థన చదివింది నేను" అన్నాడు నెర్సెస్.

చర్చి మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ముసలమ్మలు ఏడ్చారు. నెలల తరబడి పలకరించుకోని వియ్యంకులు కావలించుకున్నారు. "అయితే పాత తీగ పళ్ళకు దీవెన అయిపోయినట్టే. ఇక తినండి" అన్నాడు బొగోస్ తాత. మిగతా బుట్టలు వరసగా దిగాయి. ఇద్దరు గురువులూ రెండు వైపుల నుంచీ చేతులెత్తారు. చూసినవాళ్ళకు అది ఎంతో కాలంగా కలిసి పనిచేస్తున్నవాళ్ళ పద్ధతిలాగే కనిపించింది.

ఆ తర్వాత ఒక ఆదివారం ఆయన, ఒక ఆదివారం ఈయన అని ఒప్పందమైంది. రెండు తాళాలూ ఊడాయి. మా ఊరి సోదరప్రేమ అందరికీ ఆదర్శమని బిషప్‌గారు కబురు పంపాడు. నా కొట్టులో కూడా బల్లలు కలిసిపోయాయి. ఇప్పుడు అందరూ ఒకే చోట కూర్చుని, ఆ రోజు సెరోప్ మంచం దగ్గర తాము కూడా ఉన్నామని చెప్పుకునేవాళ్ళు. ఆ చిన్న గదిలో ఎంతమంది పట్టారో వింటుంటే నాకే ఆశ్చర్యం వేసేది.

మామను మట్టి చెయ్యడానికి ఊరంతా వచ్చింది. చిన్నప్పుడు చెవులు మెలిపెట్టించుకున్నవాళ్ళే వంతులవారీగా పెట్టె మోశారు. గురువులిద్దరూ చెరో పక్కా నడిచారు. అత్తకు కావలసింది అదే. ఆమె ఆ రోజు ఎవర్నీ ఏమీ అనలేదు.

సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చాక పెరట్లో పందిరి కింద భోజనాలు పెట్టారు. గోధుమ అన్నం, మాంసం అయ్యాక ఎవరో చర్చిలో దీవించిన ద్రాక్ష పళ్ళేల నిండా తెచ్చిపెట్టారు. గురువులిద్దరి మధ్యా అత్త కూర్చుంది. మిహ్రాన్ పళ్ళెం ఆమె వైపు జరిపాడు.

"రెండు నోట్లో వేసుకో పిన్నీ. పొద్దుట్నుంచి ఏం తినలేదు నువ్వు."

"మీరు తినండి నాయనా. మీవి దీవించినవి. నా ఇంటి పళ్ళు ఇంకా ఎవరూ దీవించలేదు" అంది అత్త.

పక్కవాళ్ళకు వినిపించేలా అనలేదు. నేను కాఫీ పోస్తూ వెనకే ఉన్నాను కాబట్టి విన్నాను. నెర్సెస్ చేతిలో పండు నోటిదాకా వెళ్ళి ఆగింది. అప్పుడు తెలిసింది వాళ్ళకు, ఆ గదికి తామిద్దరిలో ఎవరూ వెళ్ళలేదని. ఒకరి మొహం ఒకరు చూసుకోలేక ఇద్దరూ పందిరి వైపు చూశారు.

ఏటా అందరికన్నా ముందు దొంగతనంగా తినే మనిషి, ఆ ఏడు ఒక్క పండు ముట్టుకోలేదు. ఊరంతా తిన్నది, మన్నిక్ సంచుల కొద్దీ కోసుకెళ్ళింది, పిట్టలు తిన్నాయి. "నీకేమైందే, కాపు ఇంత తియ్యగా ఉంటే" అని మన్నిక్ దెప్పితే, "పళ్ళు నొప్పి" అనేది.

కోతలు అయిపోవచ్చాక ఒక సాయంత్రం నేను అక్కడ ఉండగా ఇద్దరూ కలిసి వచ్చారు. కమిటీ లేదు, అంగీలు లేవు, వెనక ఒక్క మనిషి లేడు. ఇంత మామూలు బట్టల్లో వాళ్ళను ఎవరూ చూసి ఉండరు. అత్త రాలిన ఆకులు ఊడుస్తోంది.

"పిన్నీ, ఒక గుత్తి కోసుకురా. దీవిస్తాం" అన్నాడు మిహ్రాన్ తల దించుకుని.

"ఎవరికి?"

"మీకేనమ్మా" అన్నాడు నెర్సెస్.

అత్త చీపురు గోడకు ఆనించింది.

"నేనడగలేదుగా నాయనా. అడిగినాయన తినేసి వెళ్ళిపోయాడు."

తర్వాత వాళ్ళకు కుర్చీలు వేసింది, కాఫీ పెట్టి ఇచ్చింది. ద్రాక్ష మాత్రం కోయలేదు.